పంతులుగారికి మూడు పరీక్షలు

చట్టసభల దారిలో: ఏడో భాగం

గత భాగాన్ని 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆపాం. నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారు. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. అప్పటికి పంతులుగారికి ఎనభై ఒక్క ఏళ్లు. పదమూడు నెలలు గడిచాయో లేదో, 1954 నవంబరు 6న ఆ ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఆ ఒక్క ఓటు సంగతి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. అంతకుముందు ఏడేళ్లలో పంతులుగారికి అలాంటి పరీక్షలు మరో రెండు ఎదురయ్యాయన్న సంగతి మాత్రం మరుగున పడిపోయింది. 1947లో పరీక్ష సొంత పార్టీ సమావేశంలో జరిగింది. 1952లో రాజ్‌భవన్‌లో జరిగింది. 1954లో సభలో జరిగింది. మూడుసార్లూ ఆయన నెగ్గలేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పార్లమెంటరీ ప్రభుత్వం దేని మీద నిలబడుతుందో, అందులో పార్టీ చేసే పనేమిటో తేటతెల్లమవుతుంది. ఈ భాగమంతా అందుకే కేటాయిస్తున్నాను.

ముందు మూలసూత్రం చెప్పుకుందాం. మన పద్ధతిలో ముఖ్యమంత్రిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ప్రజలు ఎమ్మెల్యేలను ఎన్నుకుంటారు. ఆ ఎమ్మెల్యేల్లో సగానికి పైగా ఎవరి వెంట ఉన్నారో ఆయన్ని గవర్నరు పిలిచి ప్రమాణం చేయిస్తారు. మంత్రివర్గమంతా సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతోంది. అయిదేళ్లకని వచ్చిన ప్రభుత్వమైనా సభలో బలం ఉన్నంతకాలమే ఉంటుంది. ఆ బలం ఈ రోజు ఉండి రేపు పోవచ్చు. పోకుండా కాపాడుకునే ఏర్పాటు పేరే పార్టీ.

సొంత ఇంట్లో ఓటమి

1946 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్‌కు తిరుగులేని మెజారిటీ వచ్చింది. నాయకుడు ఎవరన్న దగ్గరే చిక్కు వచ్చిపడింది. రాజాజీ అయితే బాగుంటుందని గాంధీజీ, కాంగ్రెస్ అధిష్ఠానం భావించారు. శాసనసభ్యులు ఒప్పుకోలేదు. క్విట్ ఇండియా రోజుల్లో ఉద్యమానికి దూరంగా నిలబడిన రాజాజీ మీద వాళ్ల కోపం చల్లారలేదు. ప్రకాశాన్నే శాసనసభా పక్ష నాయకుడిగా ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30న ఆయన ప్రభుత్వ పగ్గాలు చేపట్టారు. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను కూడా ప్రధానమంత్రి అనే పిలిచేవారు.

అధిష్ఠానం వద్దన్న మనిషి గద్దె మీద కూర్చున్నారు. ఆయన వెనక ఉన్న బలం ఒక్క ముద్ద కాదు. తమిళ కాంగ్రెస్‌లో రాజాజీ వర్గం ఒకటి, కామరాజ్ వర్గం ఒకటి. ఆంధ్ర కాంగ్రెస్‌లో ప్రకాశం వర్గం ఒకటి, పట్టాభి సీతారామయ్య వర్గం ఒకటి. వీటిలో రెండు కలిసి ఎదురు తిరిగితే చాలు, నాయకుడి పని అయిపోతుంది.

పంతులుగారు వర్గాలను బుజ్జగిస్తూ కూర్చునే మనిషి కాదు. ఫిర్కాలనే గ్రామ సముదాయాలను ఎంచుకుని పల్లెల్ని బాగుచేసే ఫిర్కా అభివృద్ధి పథకం మొదలుపెట్టారు. కొత్త బట్టల మిల్లులను ఆపి ఖద్దరును పెంచాలన్నారు. మిల్లు యజమానులకు అది మింగుడుపడలేదు. పార్టీలోని పెద్దలతో సంప్రదించకుండా నిర్ణయాలు తీసుకుంటున్నారన్న ఫిర్యాదు పెరిగింది. 1947 మార్చి వచ్చేసరికి కాంగ్రెస్ శాసనసభా పక్షమే ఆయనపై అవిశ్వాసం ప్రకటించింది. ఆయన దిగిపోయారు. మార్చి 23న ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రమాణం చేశారు.

ఈ ఘట్టంలో ఒక్క విషయం గమనించాలి. సభలో ప్రతిపక్షం ఆయన్ని ఓడించలేదు. అసలు సభ దాకా విషయం రానేలేదు. ప్రభుత్వం మారినా పాలించే పార్టీ మారలేదు. తలుపులు మూసుకున్న పార్టీ సమావేశంలో లెక్క తేలిపోయింది, బయటివాళ్లకు ఫలితం మాత్రమే తెలిసింది. ఆ తర్వాతి కాలంలో తెలుగునేల మీద ఎందరో ముఖ్యమంత్రులు ఇలాగే మారారు. ఢిల్లీ నుంచి పరిశీలకులు రావడం, శాసనసభా పక్షం సమావేశం కావడం, ఏకవాక్య తీర్మానంతో నిర్ణయాన్ని అధిష్ఠానానికి వదిలేయడం మనకు అలవాటైన వరస. 1947లో కనీసం ఎమ్మెల్యేలు తమ నాయకుణ్ణి తామే ఎన్నుకున్నారు, తామే దించారు. పార్టీలో అంతర్గత ప్రజాస్వామ్యం అనే మాటకు అర్థం ఉన్న రోజులవి. అది పంతులుగారికి గాయమే చేసింది. కానీ తమను నడిపించేవాడిని ఎంచుకునే హక్కు ఎమ్మెల్యేలు వాడుకున్నారన్నది కాదనలేం.

రాజ్‌భవన్‌లో లెక్క

1951కి పంతులుగారు కాంగ్రెస్‌ను వదిలేశారు. ఆచార్య రంగా కూడా బయటికి వచ్చారు. ఇద్దరూ కలిసి ప్రజా పార్టీ పెట్టారు, ఎక్కువ కాలం కలిసి ఉండలేకపోయారు. రంగా కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. ప్రకాశం తనవాళ్లతో ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు.

వయోజనులందరికీ ఓటు వచ్చిన తొలి సాధారణ ఎన్నికలు 1952 మొదట్లో ముగిశాయి. మద్రాసు శాసనసభలో మొత్తం 375 స్థానాలు. కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. కమ్యూనిస్టులకు 62, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి 35. తిండిగింజల కరువు, రేషను కష్టాలు ఓటర్ల మనసులో ఉన్నాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా స్వయంగా ఓడిపోయారు. ఆంధ్ర ప్రాంతంలో బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు వంటి మంత్రులు ఓడారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. ఆ ఇద్దరూ స్వయానా బావాబావమరుదులు.

మెజారిటీకి 188 కావాలి. ఎవరికీ అంత లేదు. ఇలాంటప్పుడు ఎన్నికలైన మర్నాటి నుంచీ రెండో ఎన్నిక మొదలవుతుంది. అందులో ఓటర్లు ప్రజలు కారు, ఎమ్మెల్యేలు. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, మరికొన్ని పక్షాలు కలిసి ఐక్య ప్రజాస్వామ్య సంఘటన ఏర్పరిచి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకున్నాయి. తమకు 166 మంది ఉన్నారని ప్రకటించాయి. కాంగ్రెస్ కన్నా ఎక్కువే అయినా 188కి తక్కువ.

గవర్నరు శ్రీప్రకాశ ముందున్న ప్రశ్న ఇది. ఎక్కువ సీట్లొచ్చిన ఒక్క పార్టీని పిలవాలా, ఎన్నికల తర్వాత కూడిన పెద్ద కూటమిని పిలవాలా? ఆయన మొదటి దారి పట్టారు. కాంగ్రెస్ రాజాజీని నాయకుడిగా తెచ్చుకుంది. రాజాజీ ఎన్నికల్లో నిలబడలేదు. తర్వాత ఉపఎన్నికకు వెళ్లడానికీ సిద్ధపడలేదు. ఆయన్ని గవర్నరు శాసనమండలికి నామినేట్ చేశారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు.

రాజ్యాంగం అప్పటికి రెండేళ్ల పసిది. గవర్నరు ఎవర్ని ముందు పిలవాలో అందులో వరస రాసిలేదు. 152 మందితో మొదలైన రాజాజీ జులై 3న సభలో విశ్వాసం కోరినప్పుడు ఆయనకు అనుకూలంగా 200 ఓట్లు, వ్యతిరేకంగా 151 ఓట్లు వచ్చాయి. స్వతంత్రులు, చిన్న పార్టీలవాళ్లు ఆయన వైపు చేరారు. కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్ మంత్రి కూడా అయ్యారు. గవర్నరు చేసింది సరైనదేనని, సభే దాన్ని రుజువు చేసిందని సమర్థించేవాళ్లు ఈ లెక్కనే చూపిస్తారు.

నాకు ఆ వాదన సరిపోదు. ఏప్రిల్ 10కీ జులై 3కీ మధ్య దాదాపు మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలలూ అధికారం ఒక పక్షం చేతిలోనే ఉంది. మంత్రి పదవులు ఇవ్వగలిగింది ఆ పక్షమే. అటూ ఇటూ తూగుతున్న సభ్యుడు ఎటు మొగ్గుతాడో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. పంతులుగారిని ముందు పిలిచి ఉంటే 166 మంది 188 అయ్యేవారేమో, కాకపోయేవారేమో. ఆ లెక్క సభలో తేలాల్సింది. రాజ్‌భవన్‌లో తేలిపోయింది.

1988లో నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్ ఈ విషయంలో ఒక వరస సూచించింది. మొదట ఎన్నికల ముందు కుదిరిన కూటమి. తర్వాత, ఇతరుల మద్దతుతో మెజారిటీ చూపగల అతిపెద్ద పార్టీ. ఆ తర్వాతే ఎన్నికలయ్యాక కుదిరిన కూటములు. 1952 మద్రాసు లాంటి అనుభవాలు చాలా పోగుపడ్డాక గానీ ఈ వరస రాలేదు.

కర్నూలు సభలో

ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మద్రాసు సభలోని ఆంధ్ర జిల్లాల సభ్యులు 140 మంది కొత్త శాసనసభ అయ్యారు. వాళ్లలో ఏ పార్టీకీ సొంతంగా 71 మంది లేరు. కాంగ్రెస్, కమ్యూనిస్టులు ఇంచుమించు సమాన బలంతో ఉన్నారు. రాష్ట్రాన్ని నడపడానికి అందరికీ గౌరవనీయుడైన మనిషి కావాలి. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరి కన్నా పెద్ద పేరు ఎవరిది? కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ అప్పటికి సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. పంతులుగారు దాన్ని వదిలి, కాంగ్రెస్ బలం ఆసరాగా ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన వెంట వచ్చినవాళ్లు కొద్దిమంది. ఆయన విడిచి వచ్చిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది.

ఆ పదమూడు నెలల్లో జరిగిన పనులు తక్కువేమీ కావు. 1954 జులైలో గుంటూరులో హైకోర్టు మొదలైంది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1952లో తెగిపోయిన బెజవాడ కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీకి 1954లోనే పునాది రాయి పడింది. ఆ బ్యారేజీ నేడు ఆయన పేరుతోనే నిలిచి ఉంది.

ప్రభుత్వం కల్లు దగ్గర చిక్కుకుంది. మద్యనిషేధం మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన చట్టం. కాంగ్రెస్‌కు అది గాంధీజీ నాటి ప్రతిజ్ఞ. మద్యనిషేధానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణం కూడా చెబుతోంది. అయితే కొత్త రాష్ట్రం లోటు బడ్జెట్‌తో పుట్టింది. ఎక్సైజు ఆదాయం లేదు. దొంగసారా మాత్రం ఊరూరా కాస్తున్నారు. తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి బతికే గీత కార్మికుల పొట్ట కొట్టినట్టయింది. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. ప్రభుత్వం ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన కమిటీ వేసింది. నిషేధం ఎత్తేయమని కమిటీ సిఫారసు చేసింది. కమిటీ వేసిన ప్రభుత్వమే ఆ సిఫారసును ఆమోదించలేక, తోసిపుచ్చలేక సతమతమైంది.

సరిగ్గా ఆ సమయంలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. కమ్యూనిస్టులు, ప్రజా సోషలిస్టులు, కృషికార్ లోక్ పార్టీలో కొందరు ఒక్కటయ్యారు. ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గింది.

అవిశ్వాసం ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూద్దాం. తీర్మానం పెట్టదలచినవాళ్లు ముందు నోటీసు ఇస్తారు. సభలో స్పీకరు దాన్ని చదివి, మద్దతిచ్చేవాళ్లు తమ స్థానాల్లో లేచి నిలబడండి అంటారు. నియమాలు చెప్పినంతమంది లేస్తేనే అనుమతి. ఇప్పటి లోక్‌సభలో ఆ సంఖ్య 50. తర్వాత చర్చ, చివర్లో ముఖ్యమంత్రి సమాధానం. మూజువాణి ఓటుతో తేలకపోతే డివిజన్ అడుగుతారు. గంట మోగుతుంది. లాబీల్లో ఉన్నవాళ్లు లోపలికి వస్తారు. తలుపులు మూస్తారు. ఆ తర్వాత వచ్చిన సభ్యుడు మంత్రి అయినా సరే ఓటు వేయలేడు. జ్వరంతో ఊళ్లో ఉండిపోయినవాడి ఓటు కూడా లెక్కకు రాదు. స్పీకరు మామూలుగా ఓటు వేయరు. ఓట్లు సరిసమానమైతే మాత్రం ఆయన నిర్ణాయక ఓటు వేస్తారు.

దీన్నిబట్టి ఆ ఒక్క ఓటును లెక్కగట్టండి. తీర్మానానికి అనుకూలంగా వేసినవాళ్లలో ఒక్కరు గైర్హాజరై ఉంటే ఓట్లు సమానమయ్యేవి, నిర్ణయం స్పీకరు చేతిలోకి వెళ్లేది. ఒక్కరు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే పంతులుగారి ప్రభుత్వం నిలబడేది. విభేదం మద్యం విధానం ఒక్కదాని మీదే కావచ్చు. పోయింది మాత్రం మొత్తం మంత్రివర్గం. సమష్టి బాధ్యత అంటే అదే. హైకోర్టు తెచ్చిన మంత్రి, ఖజానా చూసుకున్న మంత్రి, ఎవరూ మిగలరు.

సరిగ్గా ఇక్కడే నేను చెప్పదలచుకున్నది ఉంది. ప్రకాశం పంతులు త్యాగాన్ని శంకించినవారు ఆ సభలో ఎవరూ లేరు. సంపాదించినదంతా స్వరాజ్యం కోసం ధారపోసిన బారిస్టరు ఆయన. అయినా పార్లమెంటరీ పద్ధతి త్యాగాన్ని తూచదు, తలల్ని లెక్కపెడుతుంది. ఆ తలలు ఒక విధానానికి, ఒక క్రమశిక్షణకు కట్టుబడి ఉంటేనే లెక్క నిలకడగా ఉంటుంది. 1951 నుంచి 1953 దాకా పంతులుగారు పార్టీ తర్వాత పార్టీ మారారు. 1947లో పార్టీ ఉంది, అందులో ఆయన మాట నిలవలేదు. 1952లో కూటమి ఉంది, కట్టుబాటు చూపించే అవకాశం రాలేదు. 1954లో పదవి ఉంది, వెనక బలమైన సొంత పార్టీ లేదు. మహానాయకుడికి ప్రజల్లో ఉన్న ప్రేమ సభలో ఓట్లుగా మారాలంటే మధ్యలో పార్టీ అనే కాలువ ఉండాలి. ఆ కాలువ ఆయన ఎన్నడూ తవ్వుకోలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మూడు పరీక్షల్లోకీ గౌరవప్రదమైనది ఈ మూడోదే. ఓడించినవాళ్లు సభలో లేచి ఓడించారు. ఎవరు ఎటు వేశారో ప్రజలు చూశారు. ఓడిన ముఖ్యమంత్రి ఆ ఒక్క ఓటునూ శిరసావహించారు.

ఆ తర్వాత మనం నేర్చుకున్నది

పంతులుగారు ఓడాక రాష్ట్రం మళ్లీ రాజ్‌భవన్ చేతికి వెళ్లింది. ప్రతిపక్షానికి సభలో బలం చూపుకునే వీలు దొరకలేదు. గవర్నరు సి.ఎం.త్రివేది నివేదికపై 1954 నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1952లోనూ 1954లోనూ కమ్యూనిస్టుల బలం ఎంతో సభలో తేలకుండానే వాళ్లు అధికారానికి దూరంగా ఉండిపోయారు. వాళ్లంటే ఇష్టం ఉన్నా లేకున్నా ఆ లెక్క సభలో తేలి ఉండాల్సిందని ఒప్పుకోక తప్పదు.

ముప్పై ఏళ్ల తర్వాత, 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. ఎమ్మెల్యేలు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబడాల్సి వచ్చింది. సభలో అయిదు నిమిషాల్లో తేలే లెక్కకు తెలుగువాళ్లు ఒక నెలపాటు పోరాడారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. చివరికి 1994లో ఎస్.ఆర్.బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ బలాన్ని తేల్చాల్సిన చోటు శాసనసభేనని తీర్పు చెప్పింది.

రెండో మార్పు పార్టీ కట్టుబాటుకు సంబంధించినది. 1954లో కర్నూలు సభ్యుడు తన పార్టీని కాదని ఓటేసినా ఎమ్మెల్యే పదవికి ఢోకా లేదు. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది చీలితే చెల్లుతుందన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది. చట్టం బాగానే ఉంది. అమలు స్పీకరు చేతిలో ఉంది, ఆ స్పీకరు అధికార పక్షం నుంచి వచ్చినవారే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతిపక్షం టికెట్‌పై గెలిచి అధికార పక్షంలో కూర్చున్నవాళ్లను చూశాం. వాళ్ల మీద ఇచ్చిన ఫిర్యాదులు ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోవడమూ చూశాం. పంతులుగారిని ఓడించినవాళ్లు ప్రభుత్వంలో ఉన్నవాళ్లకు ఎదురొడ్డి ఓటేశారు. నేటి ఫిరాయింపు చాలావరకు ప్రభుత్వం వైపే నడుస్తోంది. ఈ తేడా మనల్ని కలవరపెట్టాలి. ఓటరు ఇచ్చిన ప్రతిపక్షాన్ని మధ్యలో మాయం చేస్తే సభలో లెక్క ఉంటుంది గానీ ప్రశ్న ఉండదు.

పంతులుగారి తర్వాత ఏమైంది? రాష్ట్రపతి పాలనలో మధ్యంతర ఎన్నికలు ప్రకటించారు. 1952లో విడివిడిగా పోటీచేసి దెబ్బతిన్న కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీలు, ప్రకాశంగారి వెంట వచ్చిన కొద్దిమంది ప్రజా పార్టీ ఈసారి ఒక్క తాటి మీదికి వచ్చాయి. 1955 ఫిబ్రవరిలో 196 స్థానాలకు పోలింగు జరిగింది. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి, వచ్చినవి 15 సీట్లు. కాంగ్రెస్‌కు నూటికి 39 ఓట్లు, 119 సీట్లు. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఎనిమిది శాతం ఓట్ల తేడా నూటికి పైగా సీట్ల తేడా ఎలా అయిందో వచ్చే భాగంలో జిల్లాల వారీగా చూద్దాం.